డ్రైవరమ్మ పచ్చిక

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పాలు పోసేవాడి దగ్గర్నుంచి పక్కింటి మాస్టారి దాకా అందరికీ ఆమె డ్రైవరమ్మే. ఊళ్ళో బస్సు నడిపిన మనిషి. చెయ్యెత్తిన ముసలమ్మ కోసం స్టాపు కాని చోట కూడా ఆపిన మనిషి. వెనకనుంచి ఊరికే హారను మోగించే కార్లవాళ్ళను అద్దంలోంచి ఒక్క చూపు చూసి నోరు మూయించిన మనిషి. ఆ చూపు పోయి చాలాకాలమైంది. బిరుదు మాత్రం నిలిచింది.

కళ్ళు ఒక్క రోజులో పోలేదు. పరిచిన చాపను నాలుగు వైపుల నుంచీ చుట్టుకొస్తున్నట్టు చీకటి అంచుల్లో మొదలై మధ్యకి వచ్చింది. ముందు పక్కనుంచి వచ్చే సైకిళ్ళు మాయమయ్యాయి. తర్వాత ఫుట్‌పాతు మీద మనుషులు. చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త రోడ్డు మిగిలింది. అప్పుడు డిపో మేనేజరు ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, పసిపిల్లను బుజ్జగిస్తున్నట్టు మెత్తగా అన్నాడు. "ఇంక చాల్లేమ్మా. హాయిగా రెస్టు తీసుకో."

ఆయన చెప్పింది న్యాయమే. వెనక బస్సు నిండా జనం. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆమె తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ మెత్తని గొంతును మాత్రం ఈ జన్మకు క్షమించలేదు. "తిట్టి పంపినా బాగుండేది," అనేది. "తిట్టేటప్పుడైనా ఎదుటివాణ్ణి మనిషి కింద జమకడతారు."

ఇంటి ముందున్న పచ్చిక ఆమె భర్త వేసింది. ఆయన అదే డిపోలో మెకానిక్కు. రోజంతా గ్రీజులో మునిగిన చేతులకు పచ్చటిదేదైనా తగలాలని, గేటు నుంచి వరండా దాకా గడ్డి నాటి, సెలవురోజున కూర్చుని కోసుకునేవాడు. ఆయన పోయాక తమ్ముడు ఒక పనివాణ్ణి కుదిర్చాడు. వాడు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవాడు, మధ్యలో నాలుగు చాళ్ళు కోసి, అంచులు అలాగే వదిలేసేవాడు. ఎలాగూ చూడదు కదా అని వాడి ధీమా.

"అద్దంలా ఉందమ్మా," అన్నాడొకరోజు.

డ్రైవరమ్మ చెప్పులు విడిచి గోడవార నడిచింది. మోకాలి కింద దాకా గడ్డి చుట్టుకుంది. "అద్దమా నాయనా? అయితే ఇటొచ్చి ఈ మూలలో నీ మొహం చూసుకో," అంది. ఆ రోజుతో వాడికీ ఆ ఇంటికీ రుణం తీరింది.

తర్వాత ఆదివారం తమ్ముడు కారు తెస్తే, నీళ్ళ గొట్టం కొనాలని చెప్పి తోట సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళమంది. కొట్టులో అడుగుపెట్టాక గొట్టం మాటే ఎత్తలేదు.

"ఆమెకి ఏం కావాలంటండీ?" అని కొట్టాయన తమ్ముణ్ణి అడిగాడు.

"ఆమె చెవులు బాగానే ఉన్నాయి. ఆమెనే అడగండి," అంది డ్రైవరమ్మ. "గడ్డి కోసే మిషను చూపించండి."

తమ్ముడు గతుక్కుమన్నాడు. కొట్టాయన ఉత్సాహంగా ఒక మోటారు మిషను లాక్కొచ్చి, ఇప్పుడందరూ కొనేది ఇదేనన్నాడు. ఆమె దాన్ని స్టార్టు చేయమంది. కొట్టంతా దద్దరిల్లిపోయింది. ఆ రొదలో ఆమె ఏదో అంది. అతనికి వినపడక మిషను ఆపి, "ఏమన్నారమ్మా?" అన్నాడు.

"మీ వెనకాల కుక్క నిలబడిందన్నాను. లేదులెండి. ఉన్నా మీకే తెలిసేది కాదు, ఇంక నాకేం తెలుస్తుంది? ఇది వద్దు."

బ్యాటరీది తెచ్చాడు. చప్పుడు తక్కువ, బరువు తక్కువ. ఆమె పిడి అంతా తడిమి, మీట ఎక్కడుందో చూసుకుంది. "చెయ్యి తీస్తే ఆగుతుందా?"

"ఆగుతుందమ్మా. కత్తి పూర్తిగా నిలవడానికి ఓ క్షణం పడుతుంది, అంతే."

"ఆ క్షణంలో నా కాలు ఎక్కడుంటుందో మీరు చెబుతారా?"

అతను కొట్టు మూల నుంచి దుమ్ముపట్టిన పాత రకం మిషను ఒకటి దొర్లించుకొచ్చాడు. రెండు చక్రాలు, వాటి మధ్య చుట్టలా తిరిగే కత్తులు, ఒక పొడుగు పిడి. మోటారు లేదు, మీట లేదు. తోస్తే తెగుతుంది. ఎవరూ అడగడం మానేశారని నసిగాడు. డ్రైవరమ్మ దాన్ని ముందుకు తోసింది. గలగలమంది. తను ఆగింది. అదీ ఆగింది. మళ్ళీ తోసి, ఆగి, చెవి పెట్టి విని, మొహమంతా నవ్వు పరుచుకుంటుండగా అంది. "నేను కదిలితే కదులుతుంది, నేను నిలబడితే నిలబడుతుంది. మా ఆయన కూడా ఇంత మాట వినలేదు."

"పిడి ఎర్రరంగమ్మా. ఎంత దూరానికైనా కొట్టొచ్చినట్టు కనపడుతుంది," అన్నాడు కొట్టాయన, అలవాటుగా. అని నాలిక్కరుచుకున్నాడు.

"మంచిదేగా. దూరంలో ఉన్నవాళ్ళు తప్పుకుంటారు."

గడ్డి ఎంత ఎత్తులో తెగాలో మార్చుకునే చోట అంకెలు రాసిన చక్రం వద్దని, మెట్టు మెట్టుకీ టక్కుమనే మీట ఉన్నదే కావాలంది. అంచులకు, దారం గిర్రున తిప్పి కోసే మిషను చూపిస్తే దండం పెట్టి వెనక్కిచ్చేసింది. కత్తెర్లన్నీ ముందేయించుకుని ఒక్కోటీ మూసి తెరిచి, గొళ్ళెం బొటనవేలికి తనంతట తానే అందేదాన్ని ఏరుకుంది. చీర కొనేటప్పుడు కూడా అంతసేపు తీసుకోదని తమ్ముడు లోపల్లోపల సణుక్కున్నాడు.

దారిలో కారు నడుపుతూ అతను గొంతు మార్చాడు. అచ్చం ఆ మేనేజరు గొంతు. "ఎందుకక్కా నీకీ శ్రమ? హాయిగా బండలు పరిపించేస్తాను. ఊడ్చుకుంటే సరిపోతుంది."

తమ్ముడిది నేలబండల వ్యాపారం. లోకంలో ఏ రోగానికైనా అతని దగ్గర ఒకటే మందు. చెమ్మకు బండలు, చీమలకు బండలు, దుమ్ముకు బండలు. ఇప్పుడు అక్క కళ్ళకు కూడా బండలే.

"నా గడ్డి, నా ఇల్లు, నా కాళ్ళు," అంది డ్రైవరమ్మ. "రోడ్డు చూసి నడుపు."

"సరే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఏదైనా తేడా జరిగిందో, ఆ రోజే లారీతో బండలు దింపుతాను. మళ్ళీ నన్ననొద్దు."

"దింపు."

పందెం అక్కడ పడింది.

నేర్చుకోవడం కొట్టులో కొన్నంత సులువు కాలేదు. మొదటివారం పచ్చికంతా క్షురకుడితో పోట్లాడి మధ్యలో లేచొచ్చిన తలకాయలా తయారైంది. ఆమె బెదరలేదు. బస్సు కూడా మొదట్లో ఇలాగే ఏడిపించిందని గుర్తుచేసుకుంది. రెండు ఇనుపకర్రలు పాతి, వాటి మధ్య నడుమెత్తున తాడు బిగించింది. ఎడమ తుంటికి తాడు రాసుకుంటూ ఉండేలా ఒక చాలు పోవడం, కర్రలు రెండూ మిషను వెడల్పంత జరపడం, మళ్ళీ ఇటు రావడం. వెడల్పు కొలవడానికి చీపురుకర్ర విరిచి పెట్టుకుంది. కోయని చోట కత్తులు గరగరమనేవి. కోసేసిన చోట ఉత్తుత్తిగా గలగలమనేవి. పల్చటి అట్టలున్న పాత బూట్లు వేసుకునేది, ఎక్కడ వదిలేసిందో అరికాలు చెప్పేది. కోసే ముందు ఆ నేలంతా ఇనుపపళ్ళ దంతెతో ఒకసారి దువ్వి, రాయీ రప్పా ఏరేసేది. నెల తిరిగేసరికి దారినపోయేవాళ్ళు గేటు దగ్గర ఆగడం మొదలుపెట్టారు.

"ఎవరైనా మనిషిని పెట్టుకోవచ్చు కదమ్మా," అనేవాళ్ళు, జాలిగా. ఆమె మిషను ఇంకాస్త గట్టిగా తోసేది.

పక్కింట్లో ఉండేది డ్రాయింగు మాస్టారు. రిటైరయ్యాక బొమ్మలు మానేసి పూలు పట్టుకున్నాడు. రెండు ఇళ్ళ మధ్య గోడ లేదు. గోడ నీడకు మొక్కలు పాడవుతాయని ఆయనే వద్దన్నాడు. ఆమె గడ్డి ఎక్కడ అయిపోతుందో అక్కడ ఆయన పూలమడి మొదలవుతుంది. ఈసారి ఆయన బంతినారు పోశాడు. రోజూ పొద్దున్నే దానితో మాట్లాడుతుంటే ఆమెకు వినపడేది. సొంత కొడుకుతో కూడా ఆయన అంత ముద్దుగా మాట్లాడి ఉండడు.

ఆ పొద్దున డ్రైవరమ్మ ఎప్పటిలాగే తాడు తుంటికి ఆనించుకుని బయల్దేరింది. ముందురోజు కర్రలు పాతి సిద్ధంగా పెట్టుకున్న చాలే. సగం దూరం గరగర బాగానే ఉంది. ఆ తర్వాత చప్పుడు మారింది. గడ్డి తెగే చప్పుడు కాదది, చితికే చప్పుడు. ఆమె ఇంకో రెండడుగులు వేసింది. అప్పుడు ముక్కుకు తగిలింది, ఘాటుగా, పచ్చిగా, బంతాకు వాసన.

అక్కడే నిలబడిపోయింది. మిషనూ నిలబడింది.

వంగి తడిమింది. చేతికి తడితడిగా మొదళ్ళు తగిలాయి. తమ్ముడి లారీ అప్పుడే గేటు ముందు ఆగినట్టు తోచింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోతే మాస్టారు లేచేదాకా ఎవరికీ తెలియదు. ఆమె నడుం నిలబెట్టి పిలిచింది.

"మాస్టారూ, ఒకసారి బయటికి రండి. మీ బంతినారు కోసేశాను."

ఆయన చెప్పుల చప్పుడు వచ్చింది, ఆగింది. తర్వాత, "పొద్దున్నే లేచేది వీటి మొహం చూడ్డానికేనమ్మా," అన్నాడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా నయమే.

ఏదైనా అయితే ఫోను చెయ్యండని తమ్ముడు వీధి వీధంతా తన నంబరు పంచిపెట్టి ఉన్నాడు. కాబట్టి కబురు అతనికి ఎవరు చెప్పారని అడగక్కర్లేదు.

అతను వచ్చేలోపు డ్రైవరమ్మ తాడు పట్టుకుని కర్ర దాకా నడిచింది. తను కొలత తప్పిందంటే ఆమెకు నమ్మబుద్ధి కావడంలేదు. తాడు మీద చెయ్యి జారుతుంటే మధ్యలో ఒక ప్లాస్టిక్కు క్లిప్పు తగిలింది. బట్టలకు పెట్టేది. కర్ర దగ్గర మట్టి కొత్తగా, వదులుగా ఉంది. అక్కణ్ణుంచి కుళాయి దిమ్మ దాకా పాక్కుంటూ వెళ్ళి వెతికితే తను కర్ర పాతిన గుంట ఖాళీగా దొరికింది. ఆమె క్లిప్పు గుప్పిట్లో పెట్టుకుని అక్కడే కాసేపు కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం తను నడుం వాల్చినప్పుడు మరదలు వచ్చి వెళ్ళింది. వాళ్ళ ఫ్లాటు బాల్కనీలో ఎండ పడదు.

లారీ రానే వచ్చింది. బండలు ఒకదాని మీద ఒకటి దిగుతున్న చప్పుడు వీధంతా వినపడింది. ముందు తమ్ముడు, వెనక మరదలు. ఈ సందడికి మాస్టారు కూడా తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు తమ్ముడు, దూదిలో చుట్టి తెచ్చిన గొంతుతో. "అనుకున్న మాటే కదా. ఇంక నువ్వు హాయిగా..."

డ్రైవరమ్మ గుప్పిట తెరిచింది. అరచేతిలో క్లిప్పు.

మరదలు గొంతు సన్నగా వచ్చింది. "నాదే వదినా. తాడు కట్టి ఉంటే బట్టలకనుకున్నాను. దుప్పట్లు తడిబరువుకి నేలకి తగులుతుంటే కర్ర పీకి కాస్త మడివైపు జరిపి బిగించాను. దుప్పట్లు తీసుకెళ్ళాను గానీ, కర్ర సంగతి మర్చేపోయాను."

తమ్ముడు మింగలేక కక్కలేక అయిపోయాడు. "చూశావా, నీ తప్పు కాదు. కానీ రేపు ఇంకెవరో..."

"నా తప్పే," అంది డ్రైవరమ్మ. "బండెక్కే ముందు చుట్టూ చూసుకోవడం డ్రైవరు పని. పొద్దున ఆ తాడుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చేత్తో చూసుకోవాల్సింది, చూసుకోలేదు. రోడ్డు మీద నెపం వేసేవాడు డ్రైవరే కాడు. మాస్టారూ, మీ నారుకి నేనే బాధ్యురాలిని, మీ మడి నేను మళ్ళీ నాటిస్తాను. అంతవరకే. దానికని బండి దిగమంటే మాత్రం దిగను. ఒక్కసారి ఢీకొట్టిన ప్రతివాణ్ణీ దింపేస్తే ఊళ్ళో బస్సులుండవు. ఏరా, మొన్న కారు వెనక్కి తీస్తూ ఈ గేటు స్తంభాన్ని పడగొట్టిందెవరు?"

"అది అద్దంలో సరిగ్గా..."

"రెండు కళ్ళూ, మూడు అద్దాలూ ఉండి పడగొట్టావు. నీ కారు అమ్మేయమని నేనేమైనా లారీ తెచ్చానా?"

గుమ్మంలో మాస్టారు దగ్గాడు. నవ్వుని దగ్గుగా మార్చుకున్నట్టుంది.

"నీ మంచికే చెబుతున్నానక్కా."

"ముందు ఆ గొంతు తీసి పక్కన పెట్టు. కోపమొస్తే కోపంగా అను."

తమ్ముడు చేతిలో ఉన్నదేదో నేలకేసి కొట్టాడు. "సరే, కోపంగానే అంటాను. నీకంతా పంతం. రేపు కాలు తెగి ఇక్కడ పడి ఉంటే ఎవరొచ్చి చూస్తారు? ఫోను మోగిన ప్రతిసారీ అదేనేమోనని గుండె జారిపోతోంది నాకు. అమ్మా నాన్నా లేరు, బావ పోయాడు. నువ్వు కూడా పోతే నన్ను ఏరా అనేవాళ్ళెవరు?"

లారీ మనుషులు బండ పట్టుకుని అలాగే ఆగారు.

"ఇదిగో," అంది డ్రైవరమ్మ, ఈసారి నెమ్మదిగా. "ఇప్పుడు మనిషితో మాట్లాడుతున్నావు. నువ్వు భయపడితే తప్పు లేదురా. నీ భయానికి నా గడ్డి మీద సమాధి కట్టడం తప్పు."

"బాగానే ఉందిగానీ," అని మాస్టారు గుమ్మం దిగి వచ్చాడు. "తాడు తాడే కదమ్మా. ఇవాళ దుప్పటి, రేపు గాలి, ఎల్లుండి కుక్క. అది జరగదని హామీ ఏంటి? నేను మళ్ళీ నారు పోసుకోవాలా వద్దా?"

ఆ మాట నిజమేనన్న కోపంతో ఆమె మిషనును గేటువైపు ఒక్క తోపు తోసింది. లారీ మనుషులు దించిన బండ ఒకటి అక్కడ మెత్తటి మట్టిలో దిగబడి నేలతో సమంగా ఉంది. ఒక చక్రం దానిమీద ఎక్కింది. టకటకమని గట్టి చప్పుడు. రెండో చక్రం మట్టిలోనే మెత్తగా ఉంది. ఆమె ఆగింది. వెనక్కి లాగింది. మళ్ళీ తోసింది. టకటక.

చేతులకు పాత సంగతేదో గుర్తొచ్చింది. వాన కొడుతూ అద్దం కనపడని రోజుల్లో స్టాపు దగ్గర బస్సును కళ్ళతో ఆపేది కాదు. ముందు టైరు రోడ్డంచు రాతిని మెత్తగా ముట్టుకుంటే ఆ ముట్టుకోవడం స్టీరింగులోంచి అరచేతుల్లోకి వచ్చేది. అదీ హద్దు. దాన్ని దాటితే ఫుట్‌పాతు.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ బండలు పీకి ఎవరైనా దుప్పట్లు ఆరేసుకోగలరా?"

"ఇంత బరువుంటే ఎలా పీకుతారు?"

"అయితే పరిపించు."

తమ్ముడు తన చెవులను తను నమ్మలేదు. "పరిపించనా?"

"చుట్టూ ఒక్క వరస. గడ్డి అంచుకి, నేలతో సమంగా, వేలి మందం కూడా పైకి లేవకూడదు. ఒక చక్రం బండ మీద, ఒక చక్రం గడ్డిలో. బండ చప్పుడు ఆగిందా, నేను దారి తప్పినట్టు. ముందు అంచుమీద ఒక చుట్టు, తర్వాత గరగర, గలగల తేడా పట్టుకుని లోపలికి ఇంకో చుట్టు. రింగురోడ్డు బస్సన్నమాట. కర్రలూ వద్దు, తాడూ వద్దు. మాస్టారి మడికి ఇవతల రాతి హద్దు."

"మరి మధ్యలో?"

"మధ్యలో గడ్డి. ఇంతసేపూ దేనికి మాట్లాడుతున్నాననుకున్నావు?"

పరిచేటప్పుడు ఆమె కదల్లేదు. ప్రతి బండ మీదా అరచేయి వేసి అటూ ఇటూ జరిపి చూసింది. ఏ కాస్త మిట్టగా తగిలినా పీకించి మళ్ళీ వేయించింది. ఎన్నో ఇళ్ళకు నేల పరిచిన తమ్ముడికి ఆ సాయంత్రం చుక్కలు కనిపించాయి. మిగిలిన బండలు ఏం చేయాలని అడిగితే, మీ బాల్కనీలో పరుచుకోండి, ఎలాగూ అక్కడ ఏదీ మొలవదని జవాబొచ్చింది. మరదలు నవ్వింది, మొగుడు చూస్తున్నాడని ఆపుకుంది. ఆ రెండు ఇనుపకర్రలూ పెరట్లోకి మారాయి. ఇప్పుడవి నిజంగానే బట్టలకు.

మాస్టారు అంత తేలిగ్గా కరగలేదు. కొత్త నారు తెప్పించి, ఆమె గుంటలు తీస్తే ఒక్కో మొక్కా పెడుతూ, "లోతు ఎక్కువైంది," "దగ్గరైంది," అని సణుగుతూనే ఉన్నాడు. ఆమె ఆ మాటలన్నీ పడింది. అది తన బాకీ అనుకుంది. రాతి వరస మీద మిషను మొదటిసారి తిరిగిన పొద్దున ఆయన తన మడి ముందు కాళ్ళు బారజాపి కాపలా కూర్చున్నాడు. టకటకమంటూ వస్తున్న చక్రం ఆయన బొటనవేలికి జానెడు దూరంలో మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆయన కాళ్ళు ముడుచుకోవడం ఆమెకు వినపడింది.

"భయపడ్డారా మాస్టారూ?"

"చీమ కుట్టింది," అన్నాడాయన.

బంతులు పూసేనాటికి ఆయన కాపలా మానేశాడు. తమ్ముడు మాత్రం ఆదివారాలు వరండాలో కూర్చుని చూస్తుంటాడు. కళ్ళు మూసుకుని వింటే అక్క ఎక్కడుందో తెలుస్తుందని ఈమధ్యే కనిపెట్టాడు. ఫోను మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాడు కూడా, మామూలు గొంతుతోనే.

మొన్నొకరోజు ఎవరో కొత్తాయన గేటు లోపలికి ఒకడుగు వేసి ఆగాడు. చేతికర్ర గోడకు ఆనించి ఉండటం, ఆమె మలుపు దగ్గర చెవి వంచి చక్రం చప్పుడు వినడం కాసేపు చూశాడు. తర్వాత పాపం అన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఇదంతా మీకెందుకమ్మా? ఎవరైనా మనిషిని పెట్టుకోవచ్చు కదా."

"పెట్టుకున్నానయ్యా," అంది డ్రైవరమ్మ. "ఆ మనిషితోనే మాట్లాడుతున్నారు మీరు. కాస్త తప్పుకుంటే గేటు పక్క కూడా కోసుకోవాలి."

ఆయన తప్పుకున్నాడు. టకటకమంటూ మిషను ఆయన నిలబడిన చోటు మీదుగా వెళ్ళింది.